పిట్ట క్రీము

ప్రియమైన వదినకి,

ముందు పాప బుగ్గలు ఎలా ఉన్నాయో రాయి. ఎరుపు కాస్తయినా తగ్గిందా? నిద్రలో గీరుకుంటోందని పోయిన ఉత్తరంలో రాశావు. నేను కుట్టి పంపిన చేతితొడుగులు సరిపోయాయో, మరీ వదులయ్యాయో అదీ రాయి. లోపల ఒరుసుకోకుండా కుట్లు బయటివైపుకి పెట్టాను. చూడ్డానికి తిరగేసి తొడిగినట్టుంటాయి గానీ అవి తొడగాల్సింది అలాగే.

ఇది కుశలప్రశ్నల ఉత్తరం కాదు వదినా. అన్నయ్య బస్సు డ్యూటీకి వెళ్లాక, పాప పడుకున్నాక చదువు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. అన్నయ్య డ్యూటీ వేళలు నాకు తెలియవు, ఇంట్లో ఉన్నాడంటే ఫోన్ మోగితే ముందు ఎత్తేది తనే. అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదని నాకంటే నీకే బాగా తెలుసు. ఈ సంగతి అన్నయ్య చెవిన పడితే సాయంత్రానికి అమ్మ దగ్గర ఉంటుంది.

నిన్న అమ్మ ఉత్తరం వచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం రైలుకి మీ ఇంటికి బయల్దేరుతోందట. పెట్టె నిండా క్రీము డబ్బాలు సర్దుతోందట. "డాక్టరు రాసిన ఆయింట్‌మెంటు ఆపేయమని మీ వదినకి రాశాను. నెల్లాళ్లు నా చేత్తో నేను పూస్తే పాప బుగ్గలు వెన్నముద్దల్లా అవుతాయి. నీ చేతులు నయం కాలేదూ" అని రాసింది. ఆ చివరి మాట మళ్లీ చదివాను. చేతిలో ఉన్న సూది ఎక్కడ గుచ్చానో తెలియలేదు, వేలికే గుచ్చుకున్నాను.

వదినా, నా చేతుల్ని నయం చేసింది ఆ క్రీము కాదు. నా చేతుల్ని పాడుచేసిందే అది.

మొదట్నుంచీ చెబుతాను. నాన్న పోయాక అమ్మ ఎలా ఉండేదో నువ్వు చూశావు. నువ్వూ అన్నయ్యా మీ ఊరికి వెళ్లిపోయాక ఇంకా ముదిరింది. అసలే చెవులు సరిగ్గా వినపడవు, దానికి తోడు మాట కూడా మానేసింది. పొద్దున లేవదు, వంటింట్లోకి రాదు. జామ్‌లు, సబ్బులు, ఓట్స్ బిస్కెట్లు అని ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ, ఆరుతూ ఉండే వంటగదిలో గిన్నెలు దుమ్ముపట్టాయి. అప్పట్లో నేను వారానికోసారి ఇక్కడి నుంచి వెళ్లి ఏదో వండి, పెట్టి, వచ్చేదాన్ని. తిన్నావా అంటే తలాడించేది. తిన్నట్టు పళ్లెం చెప్పేది కాదు.

అప్పుడే నా చేతులు పగలడం మొదలైంది. మా టైలరింగ్ షాపులో రోజంతా ఇస్త్రీ ఆవిరి, కొత్త గుడ్డల గంజి, రంగులు. వేళ్ల సందుల్లో చీరుకుపోయి, మణికట్టు దాకా ఎర్రగా పొక్కింది. ఒకరోజు అమ్మ మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక, రెండు చేతులూ ఆమె ముందు పెట్టి "అమ్మా, మంటగా ఉందే" అన్నాను. పసిపిల్లలా ఏడ్చాను కూడా. అమ్మ నా చేతుల వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దుప్పటి తీసి లేచి, జుట్టు ముడేసుకుని వంటింట్లోకి వెళ్లింది.

అప్పుడు చేసిందే ఈ క్రీము. ఎండిన బంతిరేకుల్ని బాదం నూనెలో నానబెట్టి, వడకట్టి, తేనెమైనం కరిగించి, చివర్లో ఉన్నికొవ్వు కలుపుతుంది. గొర్రెల ఉన్ని కడిగి తీస్తారే, పసుపుపచ్చగా సాగే జిడ్డు, అదే. చెక్క గరిటెతో తిప్పుతూ "అడుగంటుతుంది, ఆ గిన్నె ఇటు ఇయ్యి" అని నన్ను కసిరింది. ఆ కసురు విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లు మళ్లీ ఇల్లయింది. అమ్మ క్రీము చేసింది, మర్నాడు సూపు చేసింది, ఆ తర్వాత యాపిల్ జామ్ చేసింది. నేను పూసుకున్నాను.

పూసుకున్న కొద్దీ ముదిరింది. అమ్మకి చూపిస్తే "సరిపోలేదు, ఇంకాస్త దట్టంగా పూయి" అంది. దట్టంగా పూసి, గుడ్డ తొడుగులు వేసుకుని పడుకునేదాన్ని. తెల్లారేసరికి చర్మం తొడుగుకి అంటుకుని ఉండేది. ఒకరోజు షాపులో ఒకమ్మాయికి భుజాల కొలత తీస్తున్నాను. నా వేళ్లు తగలగానే ఆ అమ్మాయి భుజం వెనక్కి లాక్కుంది. ఏమీ అనలేదు, మర్యాదస్తురాలే. ఓనరమ్మ మాత్రం చూసింది. మర్నాటి నుంచి కొలతలు తీసే పని వేరే అమ్మాయికి ఇచ్చి నన్ను వెనక గదిలో కాజాలు కుట్టమంది. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఏది పడదో తెలియడానికి ఒక్కోదాన్లో ఒక్కో పదార్థం పెట్టిన చిన్న పట్టీలు వీపు మీద వరసగా అంటించి పంపింది. తీసి చూస్తే అన్నీ మామూలుగానే ఉన్నాయి, ఒక్కటి మాత్రం ఎర్రగా పొంగింది. ఉన్నికొవ్వు. "చెడ్డదేం కాదమ్మా, చాలామందికి ఏమీ కాదు. కానీ చర్మం అప్పటికే పగిలి ఉన్నవాళ్లకి కొందరికి ఇలా ఎదురు తిరుగుతుంది" అంది. క్రీము మానేసి, ఆమె ఇచ్చిన మందు రాస్తే నెల తిరక్కుండానే తగ్గింది. పాప చర్మం కూడా పగిలే ఉంది కదా వదినా. పైగా మేనత్త పోలిక అని మీరందరూ అంటుంటారు. నాకు భయం ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

అమ్మకి చెబుదామనే వెళ్లాను. గుమ్మంలోనే నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. కింద బేకరీ అక్కని పిలిచి మరీ చూపించింది. "చూశావా, నా క్రీము. డాక్టర్లేం చేస్తారు" అంది. నేను నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఏమిటే అని అడిగింది. "ఏం లేదులే అమ్మా" అన్నాను.

ఆ ఒక్క మాట ఇంత దూరం తెచ్చింది. వెళ్లినప్పుడల్లా ఒక డబ్బా చేతిలో పెడుతుంది. కొన్నాళ్లకి డబ్బా మూత మీద చీటీ కూడా అంటించింది, 'పిట్ట క్రీము' అని. నా ముద్దుపేరు వదినా. కింద చిన్నక్షరాలతో 'మా అమ్మాయి చేతుల్ని నయం చేసింది' అని. వీధిలో అందరికీ ఇస్తున్నానని రాస్తోంది. పారేయడానికి మనసొప్పక నేను వాటితో బూట్లు తుడుస్తున్నాను. తోలుకి మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది. మా వీధిలో నా బూట్లంత మెరిసేవి ఇంకెవరికీ లేవు.

క్రీము పనికిరాదని తెలిస్తే అమ్మ మళ్లీ మంచమెక్కుతుందని నా భయం. ఇంతకంటే ఏం కారణం లేదు. అందుకని నువ్వొక సాయం చెయ్యి. పాపకి ఆ క్రీము తగలనివ్వకు. ఎలాగో నువ్వే చూసుకో. డాక్టరు ఒప్పుకోలేదను, వాసన పడలేదను, ఏదో ఒకటి చెప్పు. అమ్మకి మాత్రం నా సంగతి తెలియనివ్వకు. నీ జవాబు వచ్చేదాకా నాకు అన్నం సహించదు.

నీ ఆడపడుచు,
పిట్ట


వదినా,

నీ జవాబు అందింది. అది జవాబా, టెలిగ్రామా? "పాప బుగ్గల సంగతి నేను చూసుకుంటాను. క్రీము సంగతి నీది. అత్తయ్య చేతిలోంచి డబ్బా లాక్కోవడం కోడలిగా నా వల్ల కాదు. నువ్వే చెప్పు." అంతే. ప్రేమతో అని కూడా లేదు. నువ్వెప్పుడూ కాగితం అంచుల్లో కూడా రాసేదానివి, పాప ఎన్నిసార్లు తుమ్మిందో కూడా రాసేదానివి. కోపం వచ్చిందా నా మీద? వస్తే రానీ, అది న్యాయమే. కానీ తిట్టయినా ఇంకో నాలుగు మాటలు రాయాల్సింది.

ఆలోచిస్తే నీ మాటా నిజమే. అత్తగారు చేసిన మందు వద్దంటే అత్తకోడళ్ల గొడవ. కూతురు వద్దంటే అమ్మా కూతుళ్ల గొడవ. రెండోది నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది, మొదటిది మనవరాలి పెళ్లిదాకా సాగుతుంది. నిన్ను ముందు పెట్టి నేను వెనక దాక్కోబోయాను. నాకు సిగ్గుగా ఉంది.

సరే, ధైర్యం చేసి ఫోన్ చేశాను. అమ్మకి ఫోన్ అంటే కింద బేకరీకే కదా. బేకరీ అక్క ఎత్తి, పిలుచుకొస్తానని వెళ్లింది. రిసీవర్‌లో బ్రెడ్డు ట్రేల చప్పుడు, కొనేవాళ్ల మాటలు. క్యూలో చాలామంది ఉన్నట్టున్నారు. అమ్మ వచ్చింది. "అమ్మా, క్రీము సంగతి మాట్లాడాలి" అన్నాను. "ఆఁ?" అంది. గట్టిగా అన్నాను. మా షాపులో మెషిన్లు ఆగిపోయాయి, అందరూ నావైపే చూస్తున్నారు. అక్కడ బేకరీ అక్క మధ్యలో దూరి "ఏదో క్రీము సంగతంట పెద్దమ్మా, ఏడుస్తున్నట్టుంది" అని అమ్మ చెవిలో అరుస్తోంది. అమ్మ కంగారుగా "ఏమైందే, చేతులు మళ్లీ పొక్కాయా?" అంది. ఇంత మంది ముందు, అరిచి అరిచి, 'అమ్మా నీ మందు నాకు విషమైంది' అని ఎలా చెప్పను? అక్కడ బ్రెడ్డు కొనేవాళ్ల దగ్గర్నుంచి ఇక్కడ గుండీలు కొనేవాళ్ల దాకా వింటున్నారు.

"ఏం లేదులే అమ్మా" అన్నాను.

అమ్మ "సరే అయితే" అని పెట్టేసింది. ఆ గొంతు నాకు అదోలా తోచింది. లేక నాకే అలా అనిపించిందో, ఈ మధ్య నాకన్నీ అదోలాగే తోస్తున్నాయి.

పనిలో నా బుద్ధి నిలవడం లేదు. నిన్న ఒకాయన కోటుకి రెండూ ఎడమచేతి చేతులే కత్తిరించాను. ఓనరమ్మ రెండూ ఎత్తి పట్టుకుని "ఈయనకి కుడిచెయ్యి ఎప్పుడు పోయింది?" అంది. కుడిచెయ్యి మళ్లీ కత్తిరించి ఇచ్చాను. ఇంకో కొత్త భయం పట్టుకుంది. ఆ వీధిలో అందరికీ ఇచ్చానంది కదా అమ్మ. ఎవరి చేతులైనా నాలాగే పొక్కి ఉంటే? వాళ్లూ మొహమాటానికి బాగుందనే అంటూ ఉంటే? ఒక్క మాట దాస్తే అది ఎన్ని చోట్ల మొలుస్తుందో చూడు.

అబద్ధాలు కూడా ఆలోచించాను, దాచను. అన్నయ్యకి చెప్పి, స్టేషను నుంచి వచ్చేటప్పుడు పెట్టె బస్సులో మరిచిపోయినట్టు చేయిద్దామనుకున్నాను. పాపకి బంతిపూలు పడవని డాక్టరు చీటీ రాయించమందామనుకున్నాను. ప్రతిదాని చివరా అమ్మ మళ్లీ కొత్త గిన్నె పొయ్యి మీద పెట్టి, బంతిపూలు లేకుండా చేస్తానంటూ ఉన్నికొవ్వు కలుపుతూ కనిపించింది. ఇక లాభం లేదు. అమ్మకే రాస్తున్నాను. ఓనరమ్మ భోజనానికి వెళ్లింది, కత్తిరింపు బల్ల ఖాళీగా ఉంది. ఈ రెండు ఉత్తరాలూ కలిపి పోస్టులో వేస్తాను. అమ్మ మంచమెక్కితే మాత్రం నేను పని మానేసి అక్కడికి వెళ్లిపోతాను, ముందే చెబుతున్నా. పాపని ముద్దు పెట్టుకో, నా తరఫున, బుగ్గల మీద కాకుండా నుదుటి మీద.

పిట్ట


అమ్మకి,

ఈ ఉత్తరం నువ్వు కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి చదువు.

నువ్వు వదిన దగ్గరికి తప్పకుండా వెళ్లు. పాపని ఎత్తుకో, స్నానం చేయించు, పాటలు పాడు. క్రీము డబ్బాలు మాత్రం తీసుకెళ్లకు. పాపకి ఆ క్రీము పూయకు. డాక్టరు ఇచ్చిందే రాయనీ. ఎందుకంటే నా చేతులు నీ క్రీముతో తగ్గలేదు. దాంతో ఎక్కువయ్యాయి. అందులో ఉన్న ఉన్నికొవ్వు నాకు పడదని డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది. ఆమె మందుతో తగ్గాయి. ఇదంతా జరిగి ఏడాది దాటింది. వీధిలో ఎవరికైనా ఇచ్చి ఉంటే, వాళ్లకి దురదా మంటా ఏమైనా ఉన్నాయేమో దయచేసి అడుగు.

ఇంతకాలం నీకు అబద్ధం చెప్పాను. ప్రతిసారీ డబ్బా తీసుకుని బాగుందన్నాను. తీసుకొచ్చి బూట్లకి పూశాను. కోపం తెచ్చుకోవడానికి నీకు హక్కుంది.

ఎందుకు చెప్పలేదో రాస్తాను. నాన్న పోయాక నువ్వు మంచం దిగలేదు. ఎవరు పిలిచినా లేవలేదు. నా చేతుల కోసం లేచావు. ఆ క్రీము చేస్తూ మళ్లీ మనిషివయ్యావు. అది పనికిరాదని చెబితే నిన్ను మళ్లీ ఆ మంచంలోకి నేనే తోసినట్టవుతుందని అనుకున్నాను. నా చేతులదేముంది, మందు రాస్తే తగ్గాయి. నీకేం రాయాలో నాకు తెలియలేదమ్మా.

నువ్వు నా కోసం అంత శ్రద్ధగా చేసింది నాకు పడకపోవడం నా తప్పేమో అని కూడా అనిపించేది. నేను కుట్టిన హౌస్‌కోటు నువ్వు ఎంత ఇష్టంగా తొడుక్కుంటావు. నేను ఎప్పుడొచ్చినా అదే వేసుకుని గుమ్మంలో ఉంటావు. నేను మాత్రం నీది తెచ్చి బూట్లకి పూస్తాను. అది గుర్తొచ్చినప్పుడల్లా తల ఎత్తలేకపోయేదాన్ని.

మళ్లీ పడుకోకు అమ్మా. తిట్టు, వచ్చి నాలుగు తగిలించు, కానీ పడుకోకు. నువ్వు రైలెక్కేలోపు ఇది చేరాలి. ఈ చివరి ముక్కలు పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను, కిటికీలో ఆయన్ని రెండుసార్లు అడిగాను చేరుతుందా అని. చేరుతుందమ్మా, చేరకపోతే నేనే మోసుకెళ్తానా అని విసుక్కున్నాడు. చేరగానే ఒక ముక్క రాయి.

నీ
పిట్ట


పిట్టా,

నీ ఉత్తరం చేరింది. నిలబడే చదివాను, ఆ తర్వాత కూర్చుని మళ్లీ చదివాను. పొయ్యి మీద జామ్ ఉంది. మాడింది. అది నీ ఖాతాలోనే.

ముందు నీ గుండెదడ తగ్గే మాట. పెట్టెలో క్రీము లేదు. ఒక్క డబ్బా కూడా లేదు. పాపకి నాలుగు మెత్తటి తువ్వాళ్లు, మీ వదినకి ఓట్స్ బిస్కెట్లు, మీ అన్నకి యాపిల్ జామ్, అంతే ఉన్నాయి. పాపకి డాక్టరు మందు ఒక్క పూట కూడా ఆగలేదు. ఆపమని నేను మీ వదినకి రాయనే లేదు. ఆపమన్నానని నీకు మాత్రం రాశాను. వీధిలో ఎవరికీ ఇవ్వలేదు కూడా. మూల మీద చెప్పులు కుట్టే ఆయనకి తప్ప. ఆయన బ్రహ్మాండంగా ఉందన్నాడు, నిజమే చెప్పి ఉంటాడు, బ్రహ్మాండమని ఇంకో డబ్బా అడిగాడు.

నువ్వు నోరెళ్లబెట్టి ఉంటావని తెలుసు. చెబుతాను. పోయిన చలికాలం నీ గదికి వచ్చానా? నువ్వు పాలకోసం కిందకి వెళ్లావు. గుమ్మం దగ్గర నీ బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. వంగి చూస్తే బంతిపూల వాసన. నాకు చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు కదే. బల్ల కింద నా డబ్బా, దాని మీద బూటు బ్రష్షు. కిటికీలో చివరిదాకా చుట్టి పిండిన మందు ట్యూబు. దొంగ దొరికింది. నువ్వు పాలు తీసుకుని పైకి వచ్చాక, చేతులెలా ఉన్నాయే అని అడిగాను. "నీ క్రీముతో పూర్తిగా తగ్గిపోయాయి, ఏం లేదులే అమ్మా" అన్నావు.

మొదట రోషం వచ్చింది. నా క్రీము బూట్లకా అని. తర్వాత భయం వేసింది. ఇది నేను కాచిన జావ బాగుందంటుంది, పని బాగుందంటుంది, ఒక్కదాన్నే హాయిగా ఉన్నానంటుంది. ఇందులో ఏది నిజం, ఏది బూట్లకి పూసింది? నాకెలా తెలుస్తుంది?

నీకు తెలియదు పిట్టా, వినపడని మనిషికి లోకం చెప్పే మాట ఒకటే. వీధిలో గొడవవుతుంది, ఏమైంది అంటాను. ఏం లేదులే. అందరూ విరగబడి నవ్వుతారు, ఎందుకు అంటాను. ఏం లేదులే. అరిచి చెప్పే ఓపిక ఎవరికుంటుంది, ఎవర్నీ అనను. మీ నాన్న ఒక్కరే, ఎంత పనికిమాలిన సంగతైనా నా వైపు తిరిగి రెండోసారి చెప్పేవారు. జోకు కూడా రెండోసారి చెప్పి, రెండోసారీ తనే నవ్వేవారు. ఆయనతో పాటు నా చెవులు కూడా పూర్తిగా పోయాయి. ఇక ఎవరి కోసం లేవాలి అని పడుకున్నాను.

క్రీము కోసం లేచాననుకున్నావా పిచ్చిదానా? ఆ రోజు నా పక్కన కూర్చుని, నాకు కనపడేలా చేతులు పెట్టి, మంటగా ఉందమ్మా అని ఏడ్చావు. అన్ని రోజుల్లో ఎవరైనా నాకు చెప్పిన నిజం అదొక్కటే. మిగతా అందరూ బాగున్నావా, తిన్నావా, ధైర్యంగా ఉండు. నువ్వొక్కదానివే నాకు నొప్పిగా ఉంది అన్నావు. అందుకు లేచాను. క్రీము కాకపోతే ఇంకేదో చేసేదాన్ని. అది నిన్ను కాల్చిందని నాకు ఈ మధ్యే తెలిసింది. అంతకుముందు నువ్వు వాడడం లేదని మాత్రమే తెలుసు నాకు. నీకు హాని చేసిందని తెలియదు. దట్టంగా పూయమన్నది నేనే కదా. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఆ అమ్మాయి భుజం లాక్కునే రోజు నీకు వచ్చేది కాదు. అవును, అదీ తెలుసు. మీ వదిన నీ ఉత్తరాలు రెండూ నాకు పంపింది, రెండోది ఇవాళే అందింది. దాని మీద కోప్పడకు. నీకు కటువుగా నాలుగు ముక్కలు రాయమన్నది నేను. రాసి, పోస్టులో వేసి, ఇంటికొచ్చి ఏడ్చిందట.

ఇదంతా నువ్వు నోరు విప్పాలని చేశాను. డబ్బా మీద నీ పేరు అంటిస్తే సిగ్గేసి చెబుతావనుకున్నాను. నువ్వు చీటీ బాగుందన్నావు. బేకరీకి ఫోన్ చేసినప్పుడు ఇక చెప్పేస్తావనుకుని రిసీవర్ రెండు చేతులతో పట్టుకున్నాను. మళ్లీ ఏం లేదులే. నీ చర్మం కోసమైతే నువ్వు ఎప్పటికీ చెప్పవని తెలుసు. పాప చర్మం కోసమైతే చెబుతావనీ తెలుసు. నిన్ను ఇన్నాళ్లు భయపెట్టడం నా తప్పే. ఆ కోటుకి రెండు ఎడమచేతులు కత్తిరించిన పాపం కూడా నాదే.

నేను మంచమెక్కలేదు. ఎక్కను కూడా. రేపు రైలెక్కుతున్నాను. ఉన్నికొవ్వు మిగిలింది మొత్తం చెప్పులు కుట్టే ఆయనకి ఇచ్చేశాను. నీకో డబ్బా ఉంచాను, మూత మీద 'తోలుకి మాత్రమే' అని రాసి. ఇక నుంచి నాకు చెప్పాల్సినవి ఉత్తరంలో రాయి. నొప్పైతే నొప్పని రాయి, జావ చప్పగా ఉంటే చప్పగా ఉందని రాయి. కాగితం మీద నాకు అందరికంటే బాగా వినపడుతుంది.

నిన్ను నిజం అడిగాను కాబట్టి నాదీ ఒకటి నీకు బాకీ. నువ్వు కుట్టిన హౌస్‌కోటుకి మెడ బిగుతు. మొదటి రోజు నుంచీ బిగుతే. గుండీ పెడితే ఊపిరాడదు. నువ్వు వస్తున్నావని తెలిస్తే వేసుకుంటాను, నువ్వు వీధి మలుపు తిరగ్గానే విప్పేస్తాను. అంత ఇష్టంగా కుట్టావు, ఎలా చెప్పను అనుకుంటూ మూడు చలికాలాలు గడిపాను.

దాన్ని పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను. సెలవు దొరగ్గానే మీ అన్న ఇంటికి రా. నీ కత్తెర తెచ్చుకో.

మెడ పట్టేసిన
మీ అమ్మ